మడవని వేలు

తను పనిచేసే గోదాము వాళ్లిచ్చిన మాట్లాడే చెవిపోగు రోజూ పొద్దున్నే యునీకేకు బైబిలులో ఒక అధ్యాయం చదివి వినిపిస్తుంది. ఊళ్లో పనికి పోయే విశ్వాసులందరికీ ఇప్పుడు అదే అలవాటు. క్యారేజీ సర్దుకునేలోపు వాక్యం అయిపోతుంది.

ఆ రోజు పది ఆజ్ఞలు వచ్చాయి. సండేస్కూలు అలవాటు పోక, యునీకే ఒక్కో ఆజ్ఞకూ ఒక్కో వేలు మడుస్తూ వింది. చెవిపోగు ఆమెన్ అనేసరికి ఒక వేలు మిగిలిపోయింది.

"ఒకటి తగ్గిందయ్యా," అంది భర్తతో.

"పప్పు పోసుకుంటా వింటే తగ్గదా మరి? నీకన్నీ అనుమానాలే," అన్నాడు ప్రకాశరావు.

చెవిపోగును మళ్లీ చదవమంది. మళ్లీ తొమ్మిదే.

"మీ తీరికను బట్టి కుదించాను, యునీకే గారూ. బస్సుకు టైమవుతోంది," అంది చెవిపోగు.

ఆమెకు ఒళ్లు మండింది. అటక మీద నుంచి అమ్మ బైబిలు దించి, దుమ్ము దులిపి, వరస వెంట వేలు పెట్టి వెతికింది. లేనిది నాలుగోది. ఏడో రోజున ఏ పనీ చేయక విశ్రమించమన్నది.

ఆ రోజు ఆదివారం, విశ్వాసులకు ఆ విశ్రాంతి దినం. ఎనిమిదేళ్లుగా యునీకే ఏ ఆదివారమూ గోదాము మానలేదు.

"ఇన్నాళ్లూ ఇంకా ఏమేం చదవకుండా వదిలేశావే నువ్వు?"

 "బస్సు వచ్చింది, యునీకే గారూ," అంది చెవిపోగు.