గిన్నెలో గుండె

“ససేమిరా ఒప్పుకోను! మా ఆయన గుండెని గిన్నెలో పెట్టి ఆడిస్తారా?” దర్జీగారి భార్య చేతిసంచిని బల్లమీద ధన్‌మని పెట్టింది.

ల్యాబు డాక్టరమ్మకి చెమటలు పట్టాయి. పోయినేడు దర్జీగారి చేతినుంచి గోరంత చర్మం తీసుకుని, మూలకణాలుగా మార్చి, వాటినుంచి గుండె కణాలు పెంచింది. ఇప్పుడేమో కొత్త నిబంధన వచ్చిపడింది. ఇచ్చినవాళ్ళు మళ్ళీ సంతకం పెట్టకపోతే సాయంత్రానికల్లా అన్నీ పారబోయాలి. ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరే! దర్జీగారు పెన్ను పట్టుకునే కూర్చున్నారు. కానీ ఆవిడ తలూపందే ఆయన కాజా కూడా కుట్టరు.

“గుండె కాదమ్మా, ఉత్త కణాలు. కొత్త మందులు ముందు వాటిమీద వేసి చూస్తాం.”

“అంటే ఊళ్ళోవాళ్ళ మందులన్నీ మా ఆయనే మింగాలా?”

“వాటికి నొప్పి తెలీదమ్మా. మనసూ ఉండదు.”

“ఈయనకీ లేదనే పెళ్ళైన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నా. కాపురం చేయట్లేదూ? రేపు మాకు చెప్పకుండా ఇంకెవరికో ఇచ్చేస్తే ఎవర్ని అడగాలి?”

ఆవిడ అడిగింది న్యాయమే మరి! డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. “మిమ్మల్ని అడక్కుండా గిన్నె గడప దాటదు. కాగితం మీద రాసిస్తా. ముందొకసారి కళ్ళారా చూడండి.”

గది చివరనున్న మైక్రోస్కోపు కింద గిన్నె పెట్టింది. ఆవిడ మూతి ముడుచుకునే వంగి చూసింది.

“అమ్మో, కొట్టుకుంటోందే!” గొంతు మెత్తబడింది. “అచ్చం ఈయనే! హడావుడి లేదు, గొడవ లేదు, తన పని తనది. పిచ్చి మారాజు!” కళ్ళు తుడుచుకుని మళ్ళీ వంగింది. “ఏమండీ, సంతకం పెట్టేయండి.”

డాక్టరమ్మకి ప్రాణం లేచొచ్చింది. కాగితం పట్టుకుని దర్జీగారి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. అంతలో టెక్నీషియన్ వచ్చి చెవిలో గొణిగింది. “కొంప మునిగింది మేడమ్! ఆవిడ చూస్తున్నవి మనం పోల్చి చూడ్డానికి పెంచిన పంది గుండె కణాలు. వీళ్ళ గిన్నె ఇంకా ఇంక్యుబేటర్ పెట్టెలోనే ఉంది.”

చెబితే సంతకం పోతుంది. చెప్పకపోతే పచ్చి మోసం. డాక్టరమ్మ ఆవిడవైపు తిరిగి, “అమ్మా, ఒక్క మాట...” అని నోరు తెరిచింది.

“ఉష్!” అన్నారు దర్జీగారు. అంతా విననే విన్నారాయన. గబగబా సంతకం గీకేసి, గొంతు తగ్గించారు.

“ఊరుకోండి మేడమ్. నా గుండెని చూసి మా ఆవిడ మురిసిపోవడం ముప్పై ఏళ్ళలో ఇదే మొదటిసారి!”