పదకొండు గంటల ఛానల్

డాక్టరు రాసిన కొత్త మందే అయి ఉండాలి, మాటలు గాలిలోంచి ఊడిపడవు కదా అనుకుంటున్నాడు సత్యదేవ్, మల్కాజ్‌గిరిలో తన ఇంటి మేడ మీద నిలబడి.

ఎనిమిది నెలల కిందట పక్షవాతం యామిని కుడిచేతినీ, మాటనూ తీసుకుపోయింది. చెయ్యి కొంత తిరిగొచ్చింది. మాట రాలేదు. ఆమెకు అన్నీ అర్థమవుతాయి. పేర్లే దొరకవు. నలభై నాలుగేళ్ల భార్య గ్లాసు వైపు చూస్తూ పెదాలు వణికిస్తుంటే చూడలేక, ఆమె నోరు తెరిచేలోగా తనే 'నీళ్లా?' అనేవాడు.

అలాంటిది రెండు నెలలుగా, తను బేగంపేట ఆఫీసు నుంచి వచ్చేసరికి, రోజు విడిచి రోజు ఒక కొత్త మాట.

దువ్వెన. కత్తెర. ఉయ్యాల.

మందు మార్చాకే ఇదంతా. ఆమె కోసం ఇంకా ఏదైనా చేయాలనిపించింది. బొమ్మ వణికే కేబుల్ తీసేయించి, మేడ మీద డిష్ టీవీ ఛత్రీ బిగింపిస్తున్నాడు. కింద కొత్త టీవీ. ఇంటర్నెట్‌తో సినిమాలన్నీ వస్తాయి.

"సార్, జెర ఇటు వస్తరా?"

కేబుల్ నడిపే పీర్ మహమ్మద్. అరవై దాటిన మనిషి. తన సెట్‌టాప్ బాక్సు వాపసు తీసుకోవడానికి వచ్చి, దాన్ని చంకలో పెట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు.

"ఇది సుత ఉండనీయుండ్రి సార్. ఛత్రీకి ఏం అడ్డం రాదు. నాకేం ఇయ్యొద్దు."

"ఊరికే ఎందుకు?"

"మేడమ్ మన లోకల్ ఛానల్..." అని ఆగి, తల దించుకున్నాడు.

సత్యదేవ్‌కు నవ్వొచ్చింది.

"మీ ఛానలా? మొన్న సెలవు పెట్టి ఇంట్లో ఉన్నప్పుడు చూశానండీ. నీలం తెర మీద 'ఇస్త్రీపెట్టె' అని ఒకే మాట. ఎంతసేపటికీ కదల్లేదు. ముందు ఆ కంప్యూటర్ బాగుచేయించుకోండి."

"అట్లనే సార్." పీర్ మహమ్మద్ కూడా నవ్వాడు.

పోయే గిరాకీని పట్టుకునే ఎత్తు అనుకున్నాడు సత్యదేవ్. పగలంతా యామినిని కనిపెట్టుకుని ఉండే రోసమ్మ మెట్ల కింద నుంచి ఏదో అంటోంది. అంతలో ఫోను మోగింది. అది ఎత్తుతూ, బాక్సు తీసుకుపొమ్మని పీర్ మహమ్మద్‌కు చెయ్యి ఊపాడు.

కొత్త టీవీలో బొమ్మ అద్దంలా ఉంది. యామిని రెండు రోజులు చూసింది. మూడో రోజు రిమోట్ విసిరికొట్టింది.

కొత్త మాటలు రావడం ఆగిపోయింది. సత్యదేవ్ డాక్టరును మార్చాడు. మందు మార్చాడు. మూడో నెలలో ఒక సాయంత్రం దువ్వెన చేతికిచ్చి "ఇదేమిటి?" అన్నాడు.

యామిని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏడ్చింది.

"ఆ నీలం ఛానల్ ఉంటే ఇట్ల కాకపోతుండె," అంది రోసమ్మ.

"ఏమిటి?"

"దినాం పదకొండింటికి ఒక్కొక్క మాట వస్తుండె సార్. అమ్మ దాన్ని చదువుడు, పోయి ఆ సామాను ముట్టుకొనుడు. అన్నీ మన ఇంట్ల సామాన్లే."

"మన ఇంట్లో సామాన్లు వాళ్ల ఛానల్లో ఎలా వస్తాయి?"

"బొమ్మ వస్తలేదని పిలిస్తే ఆ కేబులాయన వచ్చిండు కదా. అమ్మ గడియారం దిక్కు చెయ్యి చూపి, పేరు రాక ఏడుస్తుండె. జెరసేపు నిలబడి చూసిండు. నన్ను అడిగి అన్నీ రాసుకపోయిండు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పిన సార్. ఆ బాక్సు ఇయ్యకుండ్రి అని మెట్ల కాడ మొత్తుకున్న. మీరు ఫోన్ల ఉంటిరి. తర్వాత సుత చెప్పబోతే, డాక్టరు చూసుకుంటడు అంటిరి."

మర్నాడు సత్యదేవ్ ఆఫీసుకు పోలేదు. రైల్వే గేటు దగ్గర కేబుల్ ఆఫీసు ఒక్కటే గది. ఒక అమ్మాయి నేల మీద కూర్చుని వైర్లు చుడుతోంది.

"పీర్ మహమ్మద్ గారు?"

"మా అబ్బా పోయిన జుమ్మా నాడు చనిపోయిండు అంకుల్. మీరు?"

పేరు చెప్పాడు.

ఆ అమ్మాయి చుట్టడం ఆపింది. "యామిని మేడమ్ ఇంటోళ్లా? నేను జన్నత్. మేడమ్‌కు ఎన్ని మాటలొచ్చినయ్ అంకుల్?"

సత్యదేవ్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"తెర మీద ఒకే మాట... అంతసేపు ఎందుకు ఉంచేవారమ్మా?"

"మా అమ్మీకి సుత ఇట్లనే అయింది. అబ్బా పలక మీద రాసి చూపెట్టెటోడు. మాట నోట్లకెల్లి వచ్చేదాంక ఎదురుంగ కూసునెటోడు. అమ్మీకి అంతసేపు పడుతుండె."

"మీ అమ్మగారు..."

"నలభై మాటలు వచ్చినయ్. అంతల్నే పోయింది." జన్నత్ మళ్లీ వైరు చేతిలోకి తీసుకుంది. "పదకొండింటికి పాటలు బంద్ చేస్తే గల్లీ అంత ఫోన్ చేసి తిడుతుండిరి. తిట్టనీ అంటుండె."

"నాతో ఒక్క ముక్క అంటే సరిపోయేది."

"నేనూ అదే అన్న. ఇంటాయన లేనప్పుడు పోయొచ్చి, ఆయన బీబీ బాధ ఆయనకే ఎట్ల చెప్పాలె అన్నడు అబ్బా."

లేవబోతున్న సత్యదేవ్‌తో, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు, మెల్లగా అంది: "మీరు తీసేయించినంక సుత బంద్ చేయలే అంకుల్. మళ్ల పెట్టించుకుంటరేమోనని, తను పోయే దినందాంక మీ ఇంటి మాటలు వేస్తనే ఉండె."

ఇంటికొచ్చేసరికి యామిని కిటికీ పక్కన ఉంది. బయట చువ్వ మీద బూడిదరంగు పిట్ట ఒకటి వాలింది. ఆమె ఎడమచేయి లేచింది.

"పా... పా..."

ఆ మాట సత్యదేవ్ నాలుక చివరికి వచ్చింది. దాన్ని మింగి, కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.