వెనక్కి నడక

పడవ మీద నుంచి పడి నా బిడ్డ పెంచల్‌కి వెన్ను విరిగింది. రెండు నెలలుగా ఆసుపత్రిలో మిషనే వాడిని పట్టీలతో పైకి కట్టి, కాళ్లు పట్టుకుని నడిపిస్తా ఉంది. తలకి తీగెల టోపీ పెట్టినారు. వాడు నడవాలని మనసులో అనుకుంటే టీవీలో ఎర్రగా వెలుగుతుందంట. ఒక్కరోజూ వెలగలేదు.

"నడిచేదే మరిచిపోయినట్టున్నాడమ్మా," అనింది డాక్టరమ్మ.

నేను ఉండబట్టలేక వాడి చెవిలో చెప్పినాను. "మన జువ్వలదిన్నె ఒడ్డున తాడు పట్టుకుని, సముద్రంలోంచి అలివి వల లాగతా ఉండావనుకో నాయనా."

"అది వెనక్కి నడిచే పని గదమ్మా! ఈ మిషనేమో ముందుకి పోతా ఉండె," అని నవ్వినాడు. వెన్ను విరిగినాక అదే మొదటి నవ్వు. కళ్లు మూసుకున్నాడు.

టీవీ అంతా ఎరుపే! చేతులెత్తి మొక్కినాను. "నా కొడుకు నడుస్తాడు గదా డాక్టరమ్మా?"

"తలలో నడుస్తా ఉన్నాడమ్మా. ఆ మాట కాళ్లకి చేరే దారి తెగిపోయింది. ఇంక అతకదు."

మిషన్ ఆపేసినారు. కాళ్లు వేలాడినాయి. టీవీలో ఎరుపు మాత్రం ఆరలేదు.

మరిచిపోయినోడికి నేనే గుర్తు చేసినాను. ఇప్పుడు ఇంట్లో అన్నానికి పిలిచినా కళ్లు తెరవడు.

"ఉండమ్మా, వల ఇంకా ఒడ్డుకి రాలేదు," అంటాడు.