గోడ నడుస్తోంది

పాత గోదాము వెనక గోడకు ఎవరో ముసలాయన కాగితం ముక్కలు అంటిస్తుంటే పెద్దక్క గుండె గుభేలుమంది.

ఎల్లుండే ఆ గోదాములో వాళ్ల సంఘం ప్రదర్శన.

పల్లె కళల్లోంచి కొత్త బొమ్మలు పుట్టించేవాళ్లకు చోటివ్వాలని నలుగురు కళాకారులు కలిసి పెట్టుకున్న సంఘం అది. పెద్దక్కే దానికి పెద్ద దిక్కు. ఆ గోడకు తొమ్మిది ఇనుప ముఖాలు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ మనిషెత్తు, రెండు బస్తాల బరువు. వాటి ముందు నిలబడి ఆమె కూతురు డప్పు వాయించాలి.

"ఏంటయ్యా ఆ పని? దిగు!"

ముసలాయన నిచ్చెన దిగాడు. చేతిలో పిండి జిగురు గిన్నె, చెవి మీద పెన్సిలు.

"ముఖాలు దించెయ్యండమ్మా. గోడ నడుస్తోంది."

పక్కనున్న శిల్పి చేతిలో టీ ఒలికింది.

"విన్నావా అక్కా! గోడలకు చెవులుంటాయని విన్నాం గానీ, కాళ్లుంటాయని ఇప్పుడే వింటున్నాం!"

పెద్దక్క దగ్గరికెళ్లి చూసింది. గోడ మీది బీటలకు అడ్డంగా సన్నటి కాగితం పట్టీలు, ప్రతిదాని మీదా పెన్సిలుతో తేదీ.

"తేదీ కూడా వేశాడు. ఇదీ ఒక కళే అక్కా, ఆరితేరిన చెయ్యి," అన్నాడు శిల్పి.

ఆమె కోపం చల్లారింది. ముసలాయనకు టీ ఇచ్చారు, ఫొటో తీశారు. ఎవరు, ఏం పని చేస్తావని మాత్రం అడగలేదు. పేరు లేకపోతేనే జానపదమని ఆ సంఘంలో ఒక నమ్మకం.

మర్నాడు పొద్దున మూడు పట్టీలు చిరిగి ఉన్నాయి.

"ఎవరు చించారు?" అంది పెద్దక్క.

"ఎవరూ చించలేదమ్మా. నా భయం అదే."

"అబ్బ!" అని శిల్పి ఆ మాట కూడా రాసుకున్నాడు.

"డప్పు మాత్రం మోగనివ్వకండి," అన్నాడు ముసలాయన.

పెద్దక్కకు ఒళ్లు మండింది. "మా అమ్మాయి ఏడాదిగా సాధన చేస్తోంది. వద్దనడానికి నువ్వెవరు?"

అడిగిందే గాని జవాబు కోసం ఆగలేదు. చేతిలో ఫోన్ మోగుతోంది, గోదాము యజమాని.

"ఈయనొకడు, వేళాపాళా లేకుండా," అని కట్ చేసింది.

ప్రదర్శన రోజు ముసలాయన మళ్లీ నిచ్చెనెక్కి ఒక ముఖాన్ని విప్పబోయాడు. వాచ్‌మన్ రెక్క పట్టుకుని గేటు బయటికి పంపేశాడు. పట్టీల పక్కన చిన్న అట్ట వేలాడింది: 'గోడ నడుస్తోంది. ఒక పల్లె కళాకారుడి సృష్టి.'

హాలు కిక్కిరిసింది. కూతురు డప్పు అందుకుంది.

పదో దెబ్బకు, అందరి కళ్ల ముందే ఒక పట్టీ చర్రుమని చిరిగింది.

చప్పట్లు మోగాయి. శిల్పి కళ్లు చెమర్చాయి. పెద్దక్క భుజం మీద మాత్రం చిటికెడు సున్నం రాలింది. ఎందుకో ఆమెకు భయమేసింది.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఎత్తింది.

"మూడు రోజులుగా చేస్తున్నాను, ఎత్తరేంటమ్మా?" అన్నాడు యజమాని. "నేను పంపిన పెద్దాయన వచ్చాడా?"

గేటు బయట ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నారు. డప్పు హోరులో ఆ మాటలు తెలియడం లేదు.

"ఏ పెద్దాయన?" అంది పెద్దక్క, ఇంకో పట్టీ చిరగడం చూస్తూ.

"కాగితాలు అంటిస్తే గోడ కదులుతోందో లేదో తెలుస్తుందన్నాడు. ఆయన ఏం చెబితే అది చెయ్యండమ్మా, నలభై ఏళ్ల కిందట ఆ గోడ కట్టిన మేస్త్రీ ఆయనే."