నిలవని తేదీ

నారాయణఖేడ్ బస్టాండు పక్క దుకాణాలన్నీ మూసేశారు. విక్టర్ డీటీపీ సెంటర్‌లో మాత్రం లైటు వెలుగుతోంది. బల్ల మీద సంతోషమ్మ కూర్చుని ఉంది. ఆమె భర్త సైమన్‌ను ఆ సాయంత్రమే మట్టి చేశారు. పోయినవాళ్ల ఇంట్లో చర్చివాళ్లు పెట్టే ఆదరణ కూడిక కార్డులు తెల్లవారి మొదటి బస్సుకే చుట్టాలతో కంగ్టికి పోవాలి.

పాత కార్డు తెరిచి దాని మీదే కొత్త పేరు కొట్టడం విక్టర్ అలవాటు. పేరు పడింది. బైబిలు వాక్యం పడింది. ‘ప్రభువునందు నిద్రించిన తేది’ దగ్గర ఆయన చనిపోయిన రోజు వేయగానే ప్రోగ్రాం మూసుకుపోయింది. మళ్లీ తెరిచాడు. మళ్లీ అంతే.

“కంప్యూటర్ల పాత విండోస్ ఎక్స్‌పీ తీసి కొత్తది ఎక్కించినకాడికెళ్లి గిట్లనే పరేషాన్ చేస్తున్నది అక్కా.”

ప్రోగ్రాం తీసేసి తిరిగి ఎక్కించాడు. ఫాంట్లు మార్చాడు. “ప్రభువా, గీ ఒక్క కార్డు కానియ్యి” అని గొణుక్కున్నాడు. చివరికి వేరేవాళ్ల కార్డు తెరిచి అదే తేదీ కొట్టి చూశాడు. నిలిచింది. సైమన్ పేరు కింద మాత్రం నిలవలేదు.

విక్టర్ మౌసు వదిలి సంతోషమ్మ వైపు తిరిగాడు. కంప్యూటర్ లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

“తేదీ సరిగ్గనే చెప్పినవా అక్కా?”

సంతోషమ్మ తెర మీద ఖాళీగా ఉన్న ఆ చోటునే చూస్తూ ఉండిపోయింది.

“మన్ను పోస్తుంటే పెట్టెలకెళ్లి చప్పుడైంది విక్టర్,” అంది మెల్లగా. “రాళ్లు పడ్డయన్నరు అందరు. పోసుడు అయిపోయినంక గూడ ఇనొచ్చింది.”