కంప్యూటరుకి అక్రిలిక్ తలుపు

సిల్వియా చేతిలోని డ్రిల్లింగ్ మిషన్ని తోమా లాక్కున్నంత పని చేశాడు.

“ఇయాల నాను సేత్తాను. నువ్వు షీటు పట్టుకో గుంటా” అన్నాడు.

కొట్టు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న ఫల్గుణ గుండె గతుక్కుమంది.

చింతపల్లి జీపుల స్టాండు పక్కన తోమా, అతని కూతురు సిల్వియా బోర్డుల కొట్టు నడుపుతున్నారు. నంబరు ప్లేట్లు, చర్చి బోర్డులు, అక్రిలిక్ అక్షరాలు, ఏది కావాలన్నా చేసిపెడతారు. ఫల్గుణ పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే కుర్రాడు. తన కంప్యూటరు డబ్బాకి ఎడమవైపున్న ఇనప రేకు తీసేసి, లోపలి రంగు లైట్లు బయటికి కనపడేలా అక్రిలిక్ తలుపు బిగించుకోవాలని ముచ్చటపడ్డాడు. నాలుగు మూలలా చిల్లులు, వాటి లోపల స్క్రూలు పట్టేలా మరలు, ముందు అంచున లోపలికి ఒక వంపు. మామూలుగా ఒక పూట పని. మొదలుపెట్టి నెల దాటింది.

షీటు పగిలిపోతోంది మరి. చిల్లు పెడుతుంటే ఒకసారి, మర కోస్తుంటే ఒకసారి, వంచుతుంటే ఇంకోసారి. నిలువెత్తు చర్చి బోర్డులు చిన్న గీత పడకుండా చేసే పిల్ల చేతిలో ఈ కుర్రాడి షీటే ఎందుకు పగులుతోందో తోమాకి అంతుపట్టలేదు. పగిలిన ప్రతిసారీ కుర్రాడు కొత్త సినిమాకి టికెట్టు దొరికినవాడిలా మొహం పెట్టి “పర్నేదు, రేపొత్తాను” అనడం అసలే అంతుపట్టలేదు. పైగా ఊరంతా తోమాని బాబాయ్ అంటుంటే ఇతనొక్కడు మేస్త్రిగారూ అంటాడు. బాబాయ్ అంటే సిల్వియా చెల్లెలైపోతుందన్న భయం కాబోలు.

“ఇయాల్టితో నీ పని అయిపోతాది. రేపట్నించి ఈ కొట్టుకి తిరిగే బాద తప్పిపోతాది నీకు” అన్నాడు తోమా.

ఆ బాధ తప్పడం కంటే పెద్ద బాధ ఫల్గుణకి ఇంకోటి లేదు. తోమా చెయ్యి మంచి చెయ్యి. అతను పట్టిన షీటు పగిలిందని జీపు డ్రైవర్లు కూడా ఎప్పుడూ అనుకోలేదు. తలుపు తయారైపోతే మళ్ళీ ఈ గుమ్మంలో కూర్చోడానికి ఏ వంక వెతకాలో తెలియక ఫల్గుణ దిగులుపడ్డాడు.

తోమా షీటు మీది కాగితం ఊడదీయకుండా బల్ల మీద పరిచాడు. పాత రేకు దాని మీద పెట్టి పెన్సిలుతో గీతలు గీశాడు. అడుగున చెక్క పెట్టి, సబ్బునీళ్ళు చుక్కలు చుక్కలుగా వేస్తూ, మిషన్ని నెమ్మదిగా తిప్పాడు. ఒక్కో చిల్లు పడుతుంటే ఫల్గుణ మనసులో దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాడు, పగలాలని. దేవుళ్ళు పలకలేదు. నాలుగు చిల్లులూ నున్నగా పడ్డాయి. మరలు కోసేటప్పుడు కాస్త ముందుకి, కాస్త వెనక్కి తిప్పుతూ పొట్టు రాల్చుకున్నాడు తోమా. అక్కడా పగల్లేదు. సిల్వియా షీటు పట్టుకునే ఉంది గానీ ఆమె మొహంలో కళ లేదు.

ఇక వంపు. చలిగాలి తగిలితే షీటు సరిగా వేడెక్కదని షట్టరు సగానికి దించాడు. వేడి తీగ మీద అంచు మెత్తబడేదాకా ఆగి, బల్ల అంచున ఆనించి మెల్లిగా వంచడం మొదలుపెట్టాడు.

ఫల్గుణ స్టూలు మీంచి సగం లేచాడు. ఏదో అనబోయి సిల్వియా వంక చూశాడు. సిల్వియా ఎంతో భక్తిగా షీటు వంకే చూస్తోంది.

“ఏటి?” అన్నాడు తోమా.

“ఏటీ నేదు మేస్త్రిగారూ. సక్కగా వంగతంది” అని కూర్చున్నాడు ఫల్గుణ.

షీటు చల్లారింది. తోమా కాగితం ఊడదీశాడు. తలుపు కొండవాగు నీళ్ళంత తేటగా ఉంది. ఎక్కడా పగులు లేదు, బుడగ లేదు. దాన్ని తీసుకెళ్ళి కంప్యూటరు డబ్బాకి ఎడమవైపు ఆనించాడు. లోపలికి తిరగాల్సిన అంచు బయటికి తిరిగి ఉంది. కిందిది పైకి తిరగేసి పెడితే వంపు సరిపోయింది, చిల్లులు ఒక్కటీ కుదరలేదు.

బయట జీపు వాడు ప్రయాణికుల కోసం హారన్ కొడుతున్నాడు.

బోర్డుల అక్షరాలు షీటు వెనకనుంచి తిరగేసి అతికించీ అతికించీ ఏది ముందో ఏది వెనకో మరిచిపోయినట్టున్నానని తోమా గొణిగాడు. సిల్వియా గబగబా చీపురు తీసుకుని పొట్టు ఊడవసాగింది. వంచిన తల ఎత్తలేదు. ఫల్గుణకి ప్రాణం లేచొచ్చింది.

“పర్నేదు మేస్త్రిగారూ, తప్పులు అందరికీ జరుగుతాయి. రేపొత్తాను” అన్నాడు పెద్దమనసుతో.

“రేపొద్దు.”

ఫల్గుణ మొహం వాడిపోయింది.

తోమా సబ్బునీళ్ళ చేతులు తుండుగుడ్డకి తుడుచుకున్నాడు. “ఆదివారం పార్దనయ్యాక రా. మీ అమ్మనీ అయ్యనీ కూడా తీసుకురా.”

“తలుపు బిగించడానికి ఆళ్ళెందుకు?” అడిగాడు ఫల్గుణ, అయోమయంగా.

“నాను కావాలనే తిరగేసి వంచినాను రా. తలుపు కోసం వొచ్చినోడైతే అప్పుడే నా సెయ్యి పట్టుకుని ఆపేసుండేవోడు.”