వయసు గడి లేని దరఖాస్తు

ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగాలిచ్చే టై బాబు పచ్చి అబద్ధం చెప్పాడు. అదీ కళ్లలోకి చూస్తూ చెప్పాడు.

"పోస్టు నిన్ననే నిండిపోయిందండీ."

"పొద్దున పదింటికి ఫోన్ చేస్తే ఖాళీ ఉంది, వెంటనే రమ్మన్నారే?" అన్నాడు, లేత్ మిషను మీద ఇనుము చెక్కే టర్నరు.

టై బాబు చూపు అతని నెరిసిన జుట్టు మీద కాసేపు ఆగింది. "ఫోనెత్తినవాడికి తెలీదులెండి. అయినా పెద్దవారు, మీకెందుకీ లేత్ మిషన్లతో తంటాలు? హాయిగా మనవలతో ఆడుకోక!"

"నాకు మనవలు లేరు బాబూ. రెండు చేతులున్నాయి."

"మావాళ్లకి యంగ్ టీమ్ కావాలటండీ. నేనేం చేసేది?"

"ఆ ముక్క కాగితం మీద రాసిస్తావా?"

టై బాబు నవ్వి, గాజు తలుపు చూపించాడు.

రోడ్డు మీదికి వచ్చినా టర్నరుకి ఒళ్లు మండుతూనే ఉంది. రెండేళ్ల కిందట పాత ఫ్యాక్టరీలో కొత్త మేనేజరు యాభై దాటినవాళ్లందరినీ ఒకే మధ్యాహ్నం బయటికి పంపేశాడు. ఆ వరసలో అతనూ ఉన్నాడు, అతనికి లేత్ పట్టడం నేర్పిన బావా ఉన్నాడు. అప్పుడు చట్టం లేదు. ఇప్పుడుంది. వయసు చూసి ఉద్యోగం లేదనకూడదని ప్రతి ఆఫీసు గోడకీ అద్దం కట్టించి మరీ తగిలించారు. సరిగ్గా దాని కిందే కూర్చుని టై బాబులు పోస్టు నిండిపోయిందంటారు.

జేబులో ఫోన్ మోగింది. అక్క.

"తమ్ముడూ, మీ బావ తన పనిముట్లన్నీ అమ్మేస్తాడట్రా. ఆదివారం పాతసామాన్లవాడు వస్తున్నాడు. అవి గుమ్మం దాటాయంటే ఈ మనిషి ఇక గుమ్మం దాటడు."

"నేను సాయంత్రం వస్తాగానీ, ఈలోగా వాటిని కదపనివ్వకు."

బావ ఏడు చోట్ల అడిగాడు. ఏడో చోటికి జుట్టుకి నల్లరంగు వేసుకుని వెళ్లాడు. ఎండకి ఆ రంగు చెమటతో కలిసి చెవుల మీదుగా కారింది. లోపల కూర్చున్న కుర్రకుంకలు పగలబడి నవ్వారు. ఆ తర్వాత బావ ఎక్కడికీ వెళ్లలేదు.

మధ్యాహ్నం టర్నరు రెండో చోటికి వెళ్లాడు. వెనక వీధిలో రేకుల షెడ్డు. పంపులకి ఇరుసులు చేస్తారు. చేతులకి గ్రీజుతోనే ఫోర్‌మన్ మేడమ్ వచ్చి దరఖాస్తు ఇచ్చింది.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "వయసెక్కడ రాయాలమ్మా?"

"ఆ గడి తీసేశామండీ."

"నాకు యాభై నాలుగు."

"మా లేత్‌కి ముప్ఫై ఒకటి. దాన్నే తీసెయ్యలేదు, మిమ్మల్నేం చేస్తాం? రండి."

ఇనప కడ్డీ చేతికిచ్చి, ఎంత మందానికి చెక్కాలో చెప్పింది. టర్నరు కడ్డీ బిగించి మిషను నడిపాడు. ఉలి ఆనగానే చెవి దగ్గరగా పెట్టి, ఆ చప్పుడుని బట్టే చెయ్యి కదిపాడు. నీలంగా మెరుస్తూ ఇనప తీగలు చుట్టలు చుట్టుకుని రాలాయి. ఆమె కొలిచి చూసింది. మళ్లీ కొలిచింది.

"సోమవారం ఎనిమిదింటికల్లా వచ్చెయ్యండి."

టర్నరు లేత్ మీద అరచెయ్యి ఆనించాడు. చివరికి, "నేను చేరలేనమ్మా," అన్నాడు. "నాకీ పని నేర్పినవాడున్నాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. పంపనా?"

ఆమె విచిత్రంగా చూసింది. "వయసు నేనడగలేదే! రేపు పొద్దున రమ్మనండి. ఆయనకీ ఇదే పరీక్ష."

సాయంత్రం సంగతి విన్న బావ మంచం మీద నించి దిగ్గున లేచాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, మతి గానీ పోయిందా? చెప్పులరిగేలా తిరుగుతున్నావు. తీరా ఒకడు రమ్మంటే నోటి దగ్గర ముద్ద తీసి నాకు పెడతావా? నీ సంసారం ఏమవ్వాలి?"

టర్నరు నోటిదాకా వచ్చిన మాటని మింగేశాడు. "నా సంగతి నేను చూసుకుంటాగానీ, నువ్వు ముందు గడ్డం గీసుకో. రంగు మాత్రం వెయ్యకు బావా, నీకు దణ్ణం పెడతా."

రెండేళ్లలో మొదటిసారి అక్క పగలబడి నవ్వింది.

మర్నాడు టర్నరు షెడ్డు గేటు బయట గంటసేపు కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాడు. బావ బయటికొచ్చాడు. చొక్కా అంతా నూనె మరకలు. కళ్లలో నీళ్లు.

"తీసుకున్నార్రా! లేత్ వేగం తగ్గించమని ఆవిడకే చెప్పాను. తిడుతుందనుకుంటే, నిజమేనంది."

ఆదివారం పాతసామాన్లవాడు ఖాళీ బండితో వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున, బావ పనిలో చేరే వేళకి, టర్నరు కార్మిక శాఖ ఆఫీసు మెట్లెక్కాడు. ఆఫీసరమ్మ తలెత్తింది.

"ఫిర్యాదు ఎవరి మీదండీ?"

"మొదటి చోట టై కట్టుకున్న బాబు మీద మేడమ్. ఫోన్‌లో ఖాళీ ఉందన్నారు. నా జుట్టు చూశాక నిండిపోయిందన్నారు."

"ఆయనన్నది అన్నట్టు రాయండి, ఒక్క ముక్క పోకుండా."

టర్నరు రాశాడు. మనవలతో ఆడుకోమన్న మాటా రాశాడు. ఆమె చదివి ముద్ర వేసింది. "ఈ వారమే నోటీసు వెళుతుంది. రెండో చోట?"

"అక్కడ చట్టం గోడ మీద లేదు మేడమ్. లేత్ దగ్గరుంది."

ఆమె నవ్వింది. సొరుగులోంచి ఒక కాగితం తీసి అతని ముందుకు జరిపింది. అందులో మూడు కొత్త ఫ్యాక్టరీల చిరునామాలున్నాయి.

"వీళ్లకీ టర్నర్లు కావాలట. వెళ్లి అడిగి రండి."

ఏడు నెలలుగా ఆ ఆఫీసు అతనికి జీతమిస్తున్నది అందుకే: ఉద్యోగం అడిగి, ఎవరేమన్నారో వచ్చి రాసివ్వడానికి.